పూల గట్టు కంటే ముందు లెక్కల పుస్తకం: వరి మాగాణుల్లో జీవవైవిధ్య రూపకల్పన, కొలత

కొన్నేళ్ళ క్రితం గోదావరి డెల్టాలోని ఒక గ్రామంలో వరి గట్ల మీద నువ్వు, బంతి, అలసంద వేయించాము. నాట్లు పడిన రెండు నెలలకు విద్యార్థులతో కలిసి ఆ గట్ల మీద వలలు తిప్పి, పసుపు పళ్ళేలు పెట్టి కీటకాలను సేకరించాము. సాలీళ్ళు, తూనీగలు, అక్షింతల పురుగులు, సన్నని పరాన్నజీవి కందిరీగలు చాలానే దొరికాయి. క్షేత్ర దినోత్సవం నాడు ఆ పట్టికను చూపి, పూల గట్ల వలన మిత్ర పురుగులు పెరిగాయని నేను రైతులకు వివరించాను. వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్ద రైతు లేచి, "బాగానే ఉందండీ. మరి మీరు పూలు వేయించకముందు ఈ గట్టు మీద ఎన్ని ఉండేవో లెక్కెట్టారాండీ?" అని అడిగారు.

లెక్కించలేదు. పూలు లేని గట్టును కూడా పోల్చి చూడలేదు. ముప్ఫై ఏళ్ళుగా విద్యార్థులకు ప్రయోగ రూపకల్పన బోధిస్తున్న నేను, తులనాత్మక మడి లేని ప్రదర్శన నుంచి కారణ ఫలిత సంబంధాన్ని ప్రకటించాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా రాస్తున్న సమాధానం. జీవవైవిధ్యానికి తోడ్పడే వ్యవసాయ క్షేత్రాన్ని రూపొందించే పని, దానిని కొలిచే పని వేర్వేరు కాదు. రెండింటికీ ప్రణాళిక ఒకే రోజున, తొలి విత్తనం పడకముందే సిద్ధం కావాలి.

మడి ఒక్కటే క్షేత్రం కాదు

వరి మాగాణి అనగానే మన దృష్టి మడి మీదనే నిలుస్తుంది. కానీ మడి చుట్టూ గట్టు ఉంది. గట్టుకు ఆవల బోదె, పంట కాలువ, చెరువు కట్ట, పుంత దారి, తాటి చెట్ల వరుస, ఊరి దొడ్లు ఉన్నాయి. పంట లేని ఈ స్థలాలన్నీ కలిస్తేనే క్షేత్ర ప్రదేశం పూర్తవుతుంది. వరి మడి ఏడాదిలో కొన్నిసార్లు నీటితో నిండి, దమ్ము చేయబడి, కోయబడి, ఎండుతుంది. అక్కడ నివసించే సాలీడుకు, నేల పెంకు పురుగుకు అది స్థిరమైన ఇల్లు కాదు. పంట లేని కాలంలో వాటికి ఆశ్రయం ఇచ్చేది గట్టు. పంట మొదలైన తరువాత అవి తిరిగి మడిలోకి చేరవలసింది కూడా అక్కడి నుంచే.

ఈ ఆశ్రయ స్థలాలు మన కళ్ళ ముందే కుంచించుకుపోతున్నాయి. యంత్రాలకు అనువుగా చిన్న మడులను కలిపినప్పుడు గట్లు మాయమవుతాయి. మిగిలిన గట్ల మీద గడ్డిని కొడవలితో కోసే కూలీలు దొరకక కలుపు మందు పిచికారీ చేయడం అలవాటైంది. గడ్డిచామంతి, గుంటగలగర వంటి పూల మొక్కలు కలుపుతో పాటే మాడిపోతాయి.

ఇక్కడ మనం మరొక నిజాన్ని కూడా ఒప్పుకోవాలి. గట్లను సన్నగా చెక్కి, శుభ్రంగా ఉంచమని రైతులకు చెప్పినది మనమే. ఆ సిఫారసుకు కారణం లేకపోలేదు. వెడల్పాటి గట్లలో ఎలుకలు బొరియలు చేస్తాయి. ఊద వంటి గడ్డిజాతి కలుపు కంకి నల్లికి, పచ్చదీపపు పురుగుకు నెలవవుతుంది. కనుక ఈ రోజు గట్టు మీద మొక్కలు పెంచమని చెప్పే శాస్త్రవేత్త, నిన్నటి తన సిఫారసుకు సమాధానం చెప్పుకోవాలి. ఆ సమాధానం మాటలతో కుదరదు, కొలతతోనే కుదురుతుంది.

ఆసియా వరి పొలాలు నేర్పిన పాఠాలు

ఈ విషయంలో శాస్త్రీయ పునాది బలమైనదే. ఇండోనేషియాలో సుడిదోమ విజృంభించిన తరువాత ఆ దేశాధ్యక్షుడు 1986లో 57 రకాల కీటకనాశక ఉత్పత్తులను వరిపై వాడకుండా నిషేధించారు. విచక్షణ లేని పిచికారీలే సహజ శత్రువులను చంపి దోమకు దారి తీశాయన్న శాస్త్రవేత్తల వాదన ఆ నిర్ణయానికి ఆధారమైంది. ఆ తరువాత జావా ద్వీపంలో విలియం సెటిల్, ఆయన సహచరులు జరిపిన పరిశోధన 1996లో 'ఎకాలజీ' పత్రికలో వెలువడింది. నాట్లు వేసిన తొలి వారాల్లో, పంటపై చీడపురుగులు ఇంకా చేరకముందే, మడి నీటిలో కుళ్ళుతున్న సేంద్రియ పదార్థాన్ని, నీటిలోని సూక్ష్మజీవులను తిని బతికే చిరు కీటకాలు విస్తారంగా పుడతాయని, సాలీళ్ళ వంటి పరభక్షకాలు వాటిని తిని తమ సంఖ్యను పెంచుకుంటాయని వారు చూపారు. చీడ వచ్చే సరికి కాపలాదారులు సిద్ధంగా ఉంటారన్నమాట. నాటిన కొద్ది రోజులకే అలవాటుగా చల్లే కీటకనాశిని, ఈ కాపలాదారులను, వారి ఆహారాన్ని కూడా దెబ్బతీస్తుంది.

రెండవ పాఠం పూల గట్లకు సంబంధించినది. జెఫ్ గుర్ బృందం థాయిలాండ్, చైనా, వియత్నాం దేశాలలో నాలుగేళ్ళ పాటు నిర్వహించిన క్షేత్ర ప్రయోగాల ఫలితాలు 2016లో 'నేచర్ ప్లాంట్స్' పత్రికలో వచ్చాయి. వరి మడుల చుట్టూ మకరందమిచ్చే మొక్కలను పెంచినప్పుడు రెండు ముఖ్యమైన చీడల ఉనికి తగ్గింది. కీటకనాశక పిచికారీలు 70 శాతం తగ్గాయి. దిగుబడి 5 శాతం పెరిగింది. ఆర్థికంగా 7.5 శాతం ప్రయోజనం కలిగింది.

ఈ ఫలితం వెనుక ఉన్న ప్రక్రియ సరళమైనది. సుడిదోమ తన గుడ్లను వరి ఆకు తొడిమ కణజాలంలో దాచుతుంది. అనాగ్రస్ అనే అతి చిన్న కందిరీగ ఆ గుడ్లను వెతికి, వాటిలో తన గుడ్లు పెడుతుంది. ప్రౌఢ దశలో దాని ఆయుష్షు కొద్ది రోజులే. మకరందం దొరికితే ఆ ఆయుష్షు పెరుగుతుంది, అది ధ్వంసం చేయగల దోమ గుడ్ల సంఖ్య కూడా పెరుగుతుంది. నువ్వు పూలు ఈ కందిరీగకు మేలు చేస్తూ, వరిని ఆశించే రెక్కల పురుగులకు అదనపు బలం ఇవ్వవని ప్రయోగశాలలో ముందుగా పరీక్షించిన తరువాతనే చైనా శాస్త్రవేత్తలు దానిని గట్లకు ఎంచుకున్నారు. పూవు అందంగా ఉన్నదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ పూవు ఎవరికి ఆహారం పెడుతుంది, ఎవరికి పెట్టదు అన్నదే ప్రశ్న.

అయినా ప్రతి చోటా ఒకే ఫలితం రాదు

పై ఫలితాలను చదివి, ప్రతి మండలంలో ప్రతి గట్టు మీద నువ్వు చల్లించాలనే ఉత్సాహం కలగడం సహజం. ఆ ఉత్సాహానికి పగ్గం వేసే పరిశోధన కూడా ఉంది. డేనియల్ కార్ప్ నాయకత్వంలో అనేక దేశాల శాస్త్రవేత్తలు 132 అధ్యయనాల నుంచి, 6,759 క్షేత్రాల సమాచారాన్ని సమీకరించి 2018లో విశ్లేషించారు. పంట చుట్టూ సహజ ఆవాసాలు ఎక్కువైన కొద్దీ కొన్ని చోట్ల మిత్ర పురుగులు పెరిగాయి, కొన్ని చోట్ల తగ్గాయి. చీడల విషయంలోనూ అంతే. అన్ని ప్రాంతాలకూ వర్తించే ఒకే సూత్రం వారికి లభించలేదు.

దీని అర్థం ఆవాసాల పెంపకం వ్యర్థమని కాదు. ఒక చోట రుజువైనది మరొక చోట పరికల్పన మాత్రమే అవుతుందని అర్థం. పరికల్పనను పొలంలో పరీక్షించాలి. విస్తరణ శాస్త్రవేత్త పని ఇక్కడే మొదలవుతుంది.

కొలతను రూపకల్పనలోనే చేర్చాలి

క్షేత్ర ప్రదర్శన చేపట్టే ప్రతి ఒక్కరూ నాలుగు నియమాలను పాటించాలని నా సూచన.

మొదటిది, ముందస్తు గణన. గట్టులో మార్పు చేయకముందు కనీసం ఒక పంట కాలం పాటు, వీలుకాకపోతే నాట్లకు ముందు కొన్ని వారాల పాటైనా, అక్కడ ఉన్న జీవులను లెక్కించాలి. ఉన్నదేమిటో తెలియకుండా పెరిగినదేమిటో చెప్పలేము.

రెండవది, పోలిక. పూల గట్టుతో పాటు, అదే నేల, అదే నీటి వసతి, అదే రకం వరి ఉన్న మామూలు గట్టును కూడా అదే రోజున, అదే పద్ధతిలో లెక్కించాలి. వర్షాలు బాగా కురిసిన ఏడాది రెండు గట్ల మీదా పురుగులు పెరుగుతాయి. పోలిక లేకపోతే వాన చేసిన పని పూల ఖాతాలో పడుతుంది.

మూడవది, నిజమైన పునరావృతి. ఒకే గట్టు మీద పది చోట్ల వల తిప్పితే పది పునరావృతులు కావు. అది ఒకే గట్టును పదిసార్లు చూడడం. స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ 1984లో ఈ లోపానికి నకిలీ పునరావృతి అని పేరు పెట్టి, ప్రచురితమైన అనేక అధ్యయనాలలో అది ఉన్నదని చూపారు. నలభై ఏళ్ళ తరువాత కూడా మన విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలలో ఇది కనిపిస్తూనే ఉంది. పూల గట్టు, మామూలు గట్టు జంటగా ఉన్న వేర్వేరు రైతుల పొలాలే మనకు పునరావృతులు.

నాల్గవది, సమాన శ్రమ. ఎంత ఎక్కువ వెతికితే అన్ని ఎక్కువ జాతులు దొరుకుతాయి. ఒక గట్టు మీద ఇరవైసార్లు, మరొక గట్టు మీద పదిసార్లు వల తిప్పి జాతుల సంఖ్యను పోల్చరాదు. సమయం, వాతావరణం, లెక్కించే మనిషి కూడా వీలైనంత వరకు ఒకేలా ఉండాలి. ఏమీ దొరకని రోజున పుస్తకంలో సున్నా రాయాలి. ఖాళీగా వదిలిన గడి, సున్నా రాసిన గడి ఒకటి కావు.

ఏమి లెక్కించాలి, ఎలా లెక్కించాలి

దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. గట్టు మీద ఎగిరే, మొక్కలపై వాలే కీటకాలకు వల సరిపోతుంది. సన్నని కందిరీగలకు సబ్బు నీళ్ళు పోసిన పసుపు పళ్ళేలను ఒక పగలు, ఒక రాత్రి ఉంచాలి. నేల మీద పాకే పెంకు పురుగులకు, సాలీళ్ళకు ప్లాస్టిక్ గ్లాసును అంచు నేలకు సమానంగా ఉండేటట్లు గట్టులో పాతిపెడితే గుంట ఉచ్చు తయారవుతుంది. మడిలోపల వరి దుబ్బులను వంచి, మొదళ్ళ దగ్గర దోమను, సాలీళ్ళను, మిరిడ్ నల్లులను లెక్కించాలి. గట్టు నుంచి మడిలోకి కొలిచిన దూరాలలో ఈ గణన చేస్తే, గట్టు ప్రభావం ఎంత లోపలి వరకు చేరుతున్నదో తెలుస్తుంది. ఆ దూరం తెలియకుండా ఎన్ని మడులకు ఒక పూల గట్టు కావాలో నిర్ణయించలేము.

ఉనికిని లెక్కించడంతో పని పూర్తి కాదు. జీవులు చేసే పనిని కూడా కొలవాలి. సుడిదోమ గుడ్లు పెట్టిన కుండీ వరి మొక్కలను రెండు మూడు రోజులు పొలంలో ఉంచి, తిరిగి తెచ్చి, వాటిలో ఎన్ని గుడ్లు పరాన్నజీవుల పాలయ్యాయో చూడడం ఇటువంటి కొలతే. పూల గట్టు దగ్గర ఉంచిన కుండీలో, మామూలు గట్టు దగ్గర ఉంచిన కుండీలో ఆ శాతం వేర్వేరుగా ఉంటే, గట్టు పని చేస్తున్నదని చెప్పడానికి బలమైన ఆధారం లభిస్తుంది.

నష్టం జరిగే అవకాశాన్ని కూడా అదే పుస్తకంలో రాయాలి. ఎలుక బొరియలన్నింటినీ సాయంత్రం మట్టితో మూసి, మరునాడు తెరుచుకున్న వాటిని లెక్కిస్తే, ఎలుకలు తిరుగుతున్న బొరియలు ఎన్నో తెలుస్తుంది. పూల గట్టు మీద ఈ సంఖ్య పెరుగుతున్నట్లయితే రైతుకు ఆ మాట దాచకూడదు. పక్షుల గణనకు రోజూ ఒకే వేళ, ఒకే చోట నిలబడి నిర్ణీత నిమిషాల పాటు కనిపించిన, వినిపించిన పక్షులను నమోదు చేయాలి. కొంగలు, గోరువంకలు, పసులపోలిగాళ్ళు రైతుకు పేరు పేరునా తెలుసు. ఈ గణనలో మనకంటే వారే నిపుణులు.

సూచిక చూపేది, చూపనిది

సేకరించిన సమాచారాన్ని ఒక్క సంఖ్యగా కుదించడానికి విద్యార్థులు సాధారణంగా షానన్ సూచికను వాడతారు. క్లాడ్ షానన్ 1948లో సమాచార సిద్ధాంతం కోసం ప్రతిపాదించిన సూత్రమిది. దాని బలాన్ని, పరిమితిని ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం.

మొదటి గట్టు మీద నాలుగు జాతులకు చెందిన 100 కీటకాలు దొరికాయి, ఒక్కొక్క జాతి 25 చొప్పున. రెండవ గట్టు మీద కూడా నాలుగు జాతులు, 100 కీటకాలే. కానీ ఒకే జాతివి 97, మిగిలిన మూడు జాతులవి ఒక్కొక్కటి. జాతుల సంఖ్య రెండు చోట్లా నాలుగే. సహజ సంవర్గమానంతో లెక్కిస్తే షానన్ సూచిక మొదటి గట్టుకు 1.39, రెండవ గట్టుకు 0.17 వస్తుంది. వీటిని ప్రభావవంతమైన జాతుల సంఖ్యలోకి మారిస్తే మొదటిది 4, రెండవది సుమారు 1.2. అంటే రెండవ గట్టు దాదాపు ఒకే జాతి గట్టుతో సమానం. రైతుకు 0.17 అని చెప్పడం కంటే ఈ మాట చెప్పడం మేలు. ఇది సూచిక బలం.

ఇప్పుడు పరిమితిని చూడండి. మొదటి గట్టు మీది నాలుగు జాతులు సాలీడు, అక్షింతల పురుగు, మిరిడ్ నల్లి, అనాగ్రస్ అయితే సూచిక 1.39. అవే నాలుగు సుడిదోమ, పచ్చదీపపు పురుగు, కాండం తొలుచు పురుగు, ఆకుముడత పురుగు అయినా సూచిక 1.39 మాత్రమే. సూత్రానికి పేర్లు తెలియవు. కనుక సూచికతో పాటు మిత్ర పురుగులు, శత్రు పురుగుల నిష్పత్తిని, చీడపై పరాన్నజీవుల శాతాన్ని, పిచికారీల సంఖ్యను, దిగుబడిని పక్కపక్కన ఉంచి చదవాలి. సూచిక ఒక్కటే ఉన్న నివేదిక, బరువు మాత్రమే రాసిన రోగి చీటీ వంటిది.

గట్టు నుంచి ఊరి స్థాయికి

రాబర్ట్ విటాకర్ 1960లో వైవిధ్యాన్ని మూడు స్థాయిలుగా విభజించారు. ఒక్క స్థలంలోని వైవిధ్యం ఆల్ఫా, స్థలానికి స్థలానికి మధ్య ఉండే తేడా బీటా, మొత్తం ప్రదేశపు వైవిధ్యం గామా. విస్తరణ కార్యక్రమాలకు ఈ విభజన చాలా ముఖ్యమైనది. ఒకే పథకం కింద, ఒకే సంచిలోని బంతి విత్తనాన్ని వంద గట్ల మీద వేయిస్తే ప్రతి గట్టు మీదా ఆల్ఫా పెరగవచ్చు. అదే సమయంలో ఒక గట్టుకు మరొక గట్టుకు ఉన్న తేడా చెరిగిపోయి బీటా తగ్గవచ్చు. ప్రతి గట్టూ బాగుపడినట్లు కనిపిస్తూనే, ఊరు మొత్తం మీద వైవిధ్యం తగ్గే ప్రమాదం ఉంది.

కాబట్టి రూపకల్పనకు గట్టు కంటే ఊరి పటం సరైన ప్రారంభం. చెరువు కట్ట, కాలువ ఒడ్డు, కానుగ, వేప, తాటి చెట్లు, పశువులు మేసే బీడు మొదట గుర్తించాలి. ఉన్నవాటిని కాపాడడం మొదటి మెట్టు. వాటి మధ్య తెగిన లంకెలను గట్లతో కలపడం రెండవ మెట్టు. కొత్త పూల మొక్కలు మూడవ మెట్టు మాత్రమే. ఆ మొక్కలు కూడా వేర్వేరు గట్ల మీద వేర్వేరుగా ఉండాలి. రైతుకు గింజో కాయో దక్కే కంది, నువ్వు, అలసంద, బెండ వంటివైతే అవి రెండవ ఏడాది కూడా గట్టు మీద నిలుస్తాయి. పూత సమయాన్ని కూడా లెక్కలో తీసుకోవాలి. చీడ వచ్చే దశకు పూలు సిద్ధంగా లేకపోతే గట్టు పచ్చగా ఉన్నా పనికి అందదు.

ఈ పనికి చట్టపరమైన వేదిక కూడా ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఏర్పడాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు తయారు కావాలి. 2022 డిసెంబరులో కుదిరిన కున్‌మింగ్-మాంట్రియల్ ఒప్పందంలోని 23 లక్ష్యాలలో పదవది వ్యవసాయ భూములలో జీవవైవిధ్యానికి అనుకూలమైన పద్ధతులను కోరుతుంది. ఏడవది 2030 నాటికి పురుగుమందుల వలన కలిగే ముప్పును కనీసం సగానికి తగ్గించాలంటుంది. అంతర్జాతీయ లక్ష్యాల నెరవేర్పు చివరకు గట్టు మీద కూర్చుని రాసిన లెక్కల మీదనే ఆధారపడుతుంది. మన విద్యార్థుల క్షేత్ర పుస్తకాలలోని సమాచారం గ్రామ రిజిస్టరుకు చేరితే, ఒక్క పంట కాలపు ప్రదర్శన పదేళ్ళ రికార్డుగా మారే అవకాశం ఉంటుంది.

మళ్ళీ అదే గట్టు మీదికి

ఆ రైతు ప్రశ్న తరువాత, మరుసటి ఏడాది మేము అదే ఊరికి ఒక పుస్తకంతో వెళ్ళాము. ఈసారి విత్తనం తీసుకువెళ్ళలేదు. నాట్లకు ముందే ఆయన గట్లను, పక్క రైతుల గట్లను లెక్కించాము. మేము ఊహించనిది ఒకటి కనిపించింది. ఆయన పూలు వేయని గట్టు మీద కూడా సాలీళ్ళు, కందిరీగలు సమృద్ధిగా ఉన్నాయి. కారణం అడిగితే, "నేను గట్టుకి మందు కొట్టనండీ. గేదెకి గడ్డి కోసుకుంటాను" అన్నారు. గడ్డిచామంతి ఆ గట్టు మీద పుష్కలంగా పూసి ఉంది. మేము బంతి నాటించిన గట్టు మీద ఏ మార్పు వచ్చినా, దానికి ముందు నుంచే ఆయన చేస్తున్న పని మా పట్టికలో ఎక్కడా లేదు.

ఒక్క ఊరి పరిశీలన నుంచి సిఫారసు పుట్టదు. ప్రశ్న మాత్రం పుడుతుంది. మా తరువాతి ప్రయోగంలో మూడు రకాల గట్లు పక్కపక్కన ఉంచాలని నిర్ణయించాము: కలుపు మందు కొట్టినవి, కోత గట్లు, పూలు నాటినవి. విత్తనం కొనకుండా, కేవలం మందు ఆపడం వలన ఎంత మేలు జరుగుతుందో తెలియకముందే రైతు చేత విత్తనం కొనిపించడం న్యాయం కాదు.

ఈ పంట కాలంలో ప్రదర్శన క్షేత్రాలు మొదలుపెట్టే సహచరులకు, సిద్ధాంత వ్యాసానికి అంశం వెతుకుతున్న విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. గట్టు మీదికి వెళ్ళే తొలి రోజున విత్తనాల సంచిని ఇంటి దగ్గర ఉంచి, వల, పళ్ళెం, పుస్తకం తీసుకువెళ్ళండి. ఆ పుస్తకం ఒక ప్రతిని రైతు దగ్గర కూడా ఉంచండి. వచ్చే క్షేత్ర దినోత్సవం నాడు వెనుక వరుస నుంచి ఎవరైనా ముందు ఎన్ని ఉండేవని అడిగితే, జవాబు ఆయన చేతిలోనే ఉంటుంది.